గాజు పలక మీద మూడు గీతలు

వెళ్ళొచ్చి నెల దాటింది. హైదరాబాదు పోయొచ్చావు కదా, ఆ హైటెక్ సిటీ ఎలా ఉంది, అద్దాల మేడ నిజంగానే గుండ్రంగా ఉంటుందా అని మా వీధిలో ఇంకా అడుగుతూనే ఉన్నారు. గుండ్రంగానే ఉంది. కానీ నేను దాన్ని చూడటానికి వెళ్ళలేదు. ఒక మనిషిని వెతికి, తప్పు నీది కాదు, నాది అని చెప్పడానికి వెళ్ళాను. ఆ మాట చెప్పడానికి మూడు రోజులు పట్టింది. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు పట్టింది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఒక చిన్న వేధశాలలో కొలతల పని చేశాను. వేధశాలలో ఉద్యోగం అనగానే రాత్రంతా నక్షత్రాలు చూస్తాననుకుంటారు. నేను చూసింది గాజు పలకలు. దూరదర్శినికి వెనక పలక బిగించి, వచ్చిన వెలుగును రంగులుగా విడదీసి దాని మీద పడేస్తారు. దాన్ని వర్ణపటం అంటారు. మర్నాడు పగలు దాన్ని బల్ల మీద పెట్టి, భూతద్దంలోంచి చూస్తూ, మర తిప్పుతూ, గీత గీతకూ మధ్య దూరం కొలిచి రాయడం నా పని. ఒకసారి ఎడమ నుంచి కుడికి కొలవాలి. తర్వాత పలకను తిప్పిపెట్టి మళ్ళీ కొలవాలి. మనిషి కన్ను ఎప్పుడూ ఒక పక్కకే మొగ్గుతుంది, తిప్పి కొలిస్తే ఆ మొగ్గు చెల్లిపోతుంది. ఈ అలవాటు నాకు ఎంత ముదిరిందంటే, కూరగాయల తూకం కూడా తిప్పి వేయమని మార్కెట్లో గొడవ పడేవాణ్ణి.

యాదగిరి మా చీకటి గదిలో రోజుకూలి మీద పనిచేసేవాడు. మెదక్ జిల్లా నుంచి వచ్చినవాడు, అప్పటికి పాతికేళ్ళుంటాయి. పలకను బిగించడం, కడగడం, అన్నిటికన్నా ముఖ్యంగా పోలిక దీపం వెలిగించడం అతని పని. ఆ దీపంలో ఇనుము కొసల మధ్య మెరుపు పుడుతుంది. దాని గీతలు ఎక్కడ పడాలో ముందే తెలుసు, అవి ఎన్నడూ కదలవు. ఆకాశం నుంచి వచ్చిన వర్ణపటానికి పైనా కిందా ఆ గీతల్ని పడనిస్తే, ఆకాశం గీతలు ఎంత జరిగాయో వీటిని చూసి తెలుసుకుంటాం. దీపం వెలిగించని పలక ఎందుకూ పనికిరాదు.

డెబ్బై ఏడు చలికాలంలో ఒక దూరపు గెలాక్సీ కోసం మూడు రాత్రులు ఒకే పలక వాడారు. చాలా మసక వస్తువు కనుక తెల్లవారగానే పలక మూసి, చీకటి పడగానే మళ్ళీ అదే తెరిచేవారు. నాలుగో రోజు కవరు తీసి చూస్తే పలక మీద సన్నటి మరక తప్ప దీపం గీతలు లేవు. పుస్తకంలో నా చేత్తో రాశాను: 'పోలిక దీపం వెలిగించలేదు. సహాయకుడి మరపు.' ఆ నెలలోనే యాదగిరిని పర్మనెంటు చేయాల్సి ఉంది. చేయలేదు, పనిలోంచి తీసేశారు.

ఈ ఏడు నా పదవీ విరమణకు ముందు, ఎలక్ట్రానిక్ కెమెరాలు వచ్చాక ఎవరికీ అక్కరలేని పాత పలకల్ని ఏరిపారేసే పని నాకు పెట్టారు. 'పరీక్ష పలక' అని నేనే రాసిన ఒక కవరు విప్పాను. పరీక్ష పలకల్ని ఎవరూ విప్పరు, ఇరవై రెండేళ్ళుగా నేనూ విప్పలేదు. లోపల మూడు రాత్రుల వర్ణపటం నిండుగా ఉంది. పైనా కిందా దీపం గీతలు పొల్లుపోకుండా ఉన్నాయి. మూలన సూదితో గీసిన చిన్న 'య', దాని పక్కన మూడు గీతలు. దీపం వెలిగించిన ప్రతిసారీ యాదగిరి ఒక గీత గీసుకునేవాడు. ఆ నాలుగో రోజు ఈ పలకా, ఒక పరీక్ష పలకా కడిగి ఆరబెట్టి ఉంటే, కవర్లలో తారుమారుగా పెట్టింది నేను. కవరు మీది అంకె చూశాను కానీ పలక మూల చూడలేదు.

ఆ పలకను, ఒక భూతద్దాన్ని పాత చెక్క పెట్టెలో తువ్వాలు చుట్టి పెట్టుకుని బయలుదేరాను.

కర్నూలు బస్సు

ఉదయం మా కర్నూలు బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని హైదరాబాదు బస్సెక్కాను. ఆరు రూపాయలకు అంత తృప్తిగా తినే ఊరు ఇంకొకటి లేదని నా నమ్మకం, ఈ ప్రయాణంలో ఆ నమ్మకం ఎక్కడా చెడలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. పైన పెట్టుకోమని కండక్టరు రెండుసార్లు చెప్పి, మూడోసారి మందు సీసాలేమో అన్నట్టు చూసి వదిలేశాడు.

పక్క సీట్లో నంద్యాల అమ్మాయి, పేరు సుజాత. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తోంది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలు అనుకుంటాయట. సంవత్సరానికి రెండంకెలే రాసుకున్నారట.

"ఆ పాత తప్పులన్నీ వెతికి దిద్దేదానికి మనుషులు కావాలంట సార్. అందుకే ఈ కోర్సు. మా నాయన ఆవును అమ్మి కట్టినాడు" అంది.

పాత తప్పులు దిద్దడానికి ఉద్యోగాలిస్తున్నారని విని నాకు నవ్వొచ్చింది. నేనూ ఆ పని మీదే వెళ్తున్నానమ్మా, జీతం లేకుండా, అన్నాను. పెట్టెలో ఏముందని అడిగింది. జడ్చర్ల దాటేవరకూ చెప్పాను. నక్షత్రాల వెలుగులో సున్నపు ధాతువు, అంటే కాల్షియం, చేసే రెండు నల్ల గీతలుంటాయి, వాటి చోటు ఊదా రంగు కొసన, ఎప్పుడూ అక్కడే. కానీ దూరపు గెలాక్సీల పలకల మీద అవి తమ చోటు వదిలి ఎరుపు వైపు జరిగి ఉంటాయి. గెలాక్సీ ఎంత దూరమైతే అంత ఎక్కువ జరుగుతాయి. పుస్తకాల్లో దీన్ని అరుణ విస్థాపనం అంటారు, మేము 'ఎరుపు జరుగుడు' అనుకునేవాళ్ళం. అన్నీ మన నుంచి దూరమవుతున్నాయనడానికి సాక్ష్యం అదే.

"ఈ పలక మీద ఎంత జరిగింది సార్?"

"మిల్లీమీటరులో మూడో వంతు."

"అంతేనా?"

"అంతే. కానీ లెక్క కడితే సెకనుకు ఐదు వేల కిలోమీటర్ల పైచిలుకు. వెలుగు బయలుదేరి ఇరవై కోట్ల ఏళ్ళు దాటింది."

ఆ అమ్మాయి కిటికీలోంచి కాసేపు చూసి, "అన్నీ మన నుంచే ఎందుకు దూరం పోతాయి సార్? మనమేం చేసినాం?" అంది. నేను పాఠ్యపుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. అది వినగానే పాపం నిద్రపోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా జవాబులకు ఇదే ఫలితం.

మూసాపేట

మూసాపేటలో మా మేనత్త కొడుకు శ్రీను కిరాయి గదిలో దిగాను. గదికి నెలకు తొమ్మిది వందలట. మా ఊళ్ళో ఆ డబ్బుకు పెరడున్న ఇల్లు వస్తుందంటే, మీ ఊళ్ళో ఉద్యోగం వస్తుందా అన్నాడు. నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. ఆ రోజు రాని రోజు. బకెట్టులో సగం నీళ్ళు నాకిచ్చి తను మొహం కడుక్కోకుండా పనికి పోయాడు, అది మాత్రం మరిచిపోను.

పొద్దున ఇరానీ హోటల్లో చాయ్ తాగాను. మూడు రూపాయలు. మన కాఫీకి అలవాటుపడ్డ నోటికి అది పాయసంలా ఉంటుంది. ఉప్పూ తీపీ కలిసిన బిస్కట్టు ముంచుకుని తినాలని ఎదుటి బల్ల ఆయన సైగ చేసి చూపించాడు. ముంచాను, సగం విరిగి కప్పులో పడింది. ఆయన జాలిగా నవ్వి తన చెంచా ఇచ్చాడు.

యాదగిరి సంగతి మా వేధశాల పాత తోటమాలి చెప్పాడు. మాదాపూర్‌లో అద్దాల మేడ కట్టేటప్పుడు అక్కడ వాచ్‌మన్‌గా చూశానన్నాడు. నా దగ్గరున్న చిరునామా అంతే.

మాదాపూర్: అద్దాల మేడ

సిటీ బస్సు దిగాక చాలాదూరం ఎర్ర దుమ్ములో నడిచాను. అటూ ఇటూ రాతిగుట్టలు, తుమ్మ చెట్లు, మధ్యలో నల్లటి కొత్త రోడ్డు. ఆ మేడ ఉన్నట్టుండి కనిపిస్తుంది. అద్దాల్లో రాతిగుట్టలు కనిపిస్తున్నాయి, గుట్టల పక్కన తలగుడ్డతో తట్ట మోసే ఆడవాళ్ళు కనిపిస్తున్నారు. లోపల ఎవరున్నారో మాత్రం తెలియదు. మెడలో కార్డులు వేలాడేసుకుని పిల్లలు గుంపులుగా వస్తున్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో నవ్వుకుంటున్నారు.

గేటు దగ్గర నీలం యూనిఫారం గార్డు పెట్టె తెరవమన్నాడు. తెరిచేలోపే తువ్వాలు తీసి, పలక మధ్యలో బొటనవేలు పెట్టి ఎత్తాడు. నేను అరిచిన అరుపుకు రోడ్డు మీద వాళ్ళు కూడా ఆగారు.

"ఏంది సార్ గట్ల మొత్తుకుంటున్నవ్? గీ మసి పట్టిన అద్దానికా?"

"అంచు పట్టుకో నాయనా, అంచు పట్టుకో" అంటూ రెండు చేతులూ కింద పట్టాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తూనే పలకను నెమ్మదిగా నా చేతుల్లో పెట్టాడు. వేలి ముద్ర ఒకటి పడింది కానీ మూలన గీతలు చెదరలేదు.

గొడవ విని సూపర్‌వైజరు వచ్చాడు. కడప ఆయన, పేరు రెడ్డప్ప. యాదగిరి పేరు చెప్పగానే నవ్వాడు.

"యాదగిరినా! మంచోడే సార్, గుండుసూది కూడా ముట్టడు. కానీ ఒకటే తిక్క. గేటుకు తాళం వేసి నన్ను పిలిచి చూపిస్తాడు. చూసినాలే, పోరా అంటే పోతాడు. పది నిమిషాలకు మళ్ళీ వస్తాడు, సార్ తాళం వేసిన్నా, ఒక్కసారి చూడుండ్రి అని. మేడ అయిపోయినాక కాపలా యూనిఫారం కంపెనీకి ఇచ్చినారు. ఇట్లాంటోణ్ణి వాళ్ళు పెట్టుకుంటారా? కొత్తగూడ వైపు పోయినాడు, అక్కడేదో కడతాండారు."

"ఆ తిక్క ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"నాకేం తెలుసు సార్. వచ్చినప్పటి నుంచీ అంతే."

నాకు తెలుసు. చీకటి గదిలో ఆ యాదగిరి కళ్ళు మూసుకుని కూడా పలక ఏ వైపు తిరిగి ఉందో చెప్పేవాడు. దీపం వెలిగించావా అని అడిగితే మొదటి రోజు "వెలిగించిన సార్" అన్నాడు. రెండో రోజు "వెలిగించిననే అనుకుంటున్న" అన్నాడు. మూడో రోజు తల దించుకుని "మర్సిన్నేమో సార్, మీరు పుస్తకంల రాసిండ్రు కదా" అన్నాడు. ఆ మేడ ముందు ఎండలో నిలబడి ఉంటే ఆ మూడు జవాబులూ వరసగా గుర్తొచ్చి, సిగ్గుతో తలెత్తలేకపోయాను.

కొత్తగూడ చౌరస్తా

ఏడు సీట్ల ఆటోలో పదకొండు మందిమి కూర్చున్నాం. కొత్తగూడ దగ్గరికి రాగానే ఒకాయన ఎర్ర గుడ్డ ఊపి ఆపాడు. ముందు బండలు పేలుస్తున్నారు. ఢమ్మని శబ్దం, దుమ్ము లేచింది, నేను పెట్టె మీద బోర్లా పడ్డాను. దుమ్ము తగ్గాక ఆటో రెండు బారలు పోయి, రాతి ముక్క మీద ఎక్కి టైరు దిగిపోయింది. అందరూ తిట్టుకుంటూ నడిచి వెళ్ళిపోయారు. పెట్టెతో నడవలేక నేను పంక్చర్ షాపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాను.

షాపు ఖాజా భాయ్‌ది. ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. బుడగలు ఎక్కడ వస్తే అక్కడ సుద్దతో చుక్క పెడుతున్నాడు. పాత ట్యూబు కనుక నాలుగు చుక్కలు పడ్డాయి. ఇంకా గాలి కొట్టాడు, ట్యూబు ఉబ్బింది. దగ్గరదగ్గరగా ఉన్న చుక్కలు దూరమయ్యాయి. నేను స్టూలు మీంచి లేచాను.

"భాయ్, ఇంకొంచెం గాలి కొట్టు."

"పగుల్తది సాబ్!"

"కొంచెమే."

నా వేలు ఒక చుక్క మీద పెట్టి మిగతావాటిని చూశాను. మూడూ నా చుక్క నుంచి దూరం జరుగుతున్నాయి, దూరంగా ఉన్నది ఎక్కువ జరుగుతోంది. వేలు ఇంకో చుక్క మీదికి మార్చాను. అక్కడి నుంచి చూసినా అంతే. ఏ చుక్కా రబ్బరు మీద పాకడం లేదు, పారిపోవడం లేదు. మధ్య రబ్బరే సాగుతోంది. గెలాక్సీల సంగతీ అదే. వాటికీ మనకూ మధ్య ఉన్న చోటు పెరుగుతోంది, ఆ చోటులో ప్రయాణించే వెలుగు కూడా దారి పొడుగునా సాగి, ఎర్రబడి చేరుతోంది. బస్సులో సుజాత అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. మనమేమీ చేయలేదమ్మా అని చెప్పాల్సింది. అప్పుడు తోచలేదు.

ఇదంతా ఖాజా భాయ్‌కి చెప్పాను. అతను విన్నంతా విని, "మంచిగుంది సాబ్. గాని నాకు నాలుగు పంక్చర్లు పడ్డయి" అని పని చూసుకున్నాడు.

యాదగిరి గురించి అడిగితే మాత్రం చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"యాదన్ననా? ఆర్నెల్లు గా ముంగట బిల్డింగు కాడనే ఉండె. గది అయిపోంగనే మియాపూర్ అవతలకి పోయిండు. గాల్లంతే సాబ్, ఓనర్లు దిగంగనే వాచ్‌మనోళ్ళు ముందుకు పోవుడే. ఆయన ఎవర్ని పరేషాన్ చెయ్యడు, తననే తాను పరేషాన్ చేస్కుంటడు. ఒకరోజు అడిగిన, ఎందుకన్నా గట్ల అని. నాకు మతిమరుపు ఉన్నది భాయ్, సర్కారోళ్ళు పుస్తకంల రాసిండ్రు అన్నడు."

చాయ్ తెప్పించాడు. రాసింది సర్కారు కాదు భాయ్, నేనే అని చెప్పాను. అతను నా కప్పు వైపు చూసి, "తాగుండ్రి సాబ్, సల్లగైతది" అన్నాడు. చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు.

మియాపూర్ అవతల

మూడో రోజు పొద్దెక్కాక మియాపూర్ బస్సు డిపో దాటి, దారి అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. పొలాల్లో తెల్ల రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. మధ్యలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, ఇంకా సున్నం వేయలేదు. దాని పక్కన రేకుల గుడిసె ముందు ఒకామె జొన్నరొట్టెలు కొడుతోంది. యాదగిరి ఇల్లు ఇదేనా అంటే తలెత్తి చూసింది.

"అవు. నీళ్ళకు పోయిండు. మీరెవరు సారూ?"

"వేధశాలలో కలిసి పనిచేశాం. కొలతలు చేసేవాణ్ణి."

రొట్టె మీద ఆమె చెయ్యి ఆగింది. పేరు లచ్చమ్మ. ఆనాడు కొత్త కోడలు, వేధశాల కొండ దిగువ గదిలో ఉండేది, నేను మొహం కూడా సరిగా చూసి ఉండను. ఆమె మాత్రం నన్ను గుర్తుపట్టినట్టే ఉంది. అయినా పీట వేసి, రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు చింతపులుసును మరగబెట్టకుండా ముట్టం. ఇక్కడ పచ్చి పులుసులోనే ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి కలుపుతారు. ఎండన పడి వచ్చినవాడికి అది ఎంత హాయో చెప్పలేను. అంత హాయిగా తింటున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

యాదగిరి రెండు బిందెలతో వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. బిందెలు దించి, నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి, "కొలతల సారూ!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. అంత సంతోషపడతాడని నేను అనుకోలేదు. తిడితే బాగుండేదని మనస్ఫూర్తిగా అనిపించింది.

నేను దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. పెట్టె తెరిచి తువ్వాలు విప్పి ఇచ్చాను. అతను అంచు పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా అంచే పట్టుకున్నాడు. వెలుగుకు ఎదురుగా ఎత్తాడు. నేను భూతద్దం ఇవ్వబోతే తీసుకోలేదు. వర్ణపటం చూడలేదు, దీపం గీతలు చూడలేదు. మొట్టమొదట మూల చూశాడు.

గోటితో మూలన మెల్లగా తడిమాడు.

"మూడున్నయి సార్."

"మూడు ఉన్నాయి."

"అంటే నేను వెలిగించిన్నా?"

"వెలిగించావు యాదగిరీ. మూడు రాత్రులూ వెలిగించావు. కవర్లు మార్చి పెట్టింది నేను. నేను చూడకుండా రాశాను. తప్పు నాది."

యాదగిరి పలకను దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట అన్నది లచ్చమ్మ. పొయ్యి దగ్గర నుంచి లేవకుండా, నన్ను చూడకుండా అంది.

"మెదక్‌ల కరెంటాఫీసుల కొలువు దొరికింది సారూ ఈయనకు, లైన్‌మన్ కింద. పర్మనెంటు. పోలే. నేను మర్సిపోయి కరెంటిడిస్తె స్తంభం మీదున్నోడు సస్తడు అన్నడు. బిడ్డకు జెరమొస్తె మందు ఆయన పొయ్యడు. ఇంతకుముందే పోసిన్నేమో, రెండుసార్లైతదేమో అని నన్ను పొలంకెల్లి పిలిపిస్తడు. రాత్రి కరెంటు బుగ్గ ఏస్తె నన్ను లేపుతడు. ఏసిన, చూసినవా అంటడు. చూసిన అనేదాక పండడు. ఇరవై రెండేండ్లసంది నేను చూసిన, చూసిన అంటనే ఉన్న. మీరు ఒక్కసారి చూడకపోతిరి."

"లచ్చమ్మా, ఇగ చాలు" అన్నాడు యాదగిరి.

"చాలదు, చెప్పనీ" అన్నాను. కానీ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని రొట్టె తిప్పింది. నేను ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, ఒకరి గుడిసె ముందు పీట మీద కూర్చుని, ఎంగిలి చెయ్యి ఆరిపోతుండగా ఏడ్చాను. పాత పుస్తకంలో నా వాక్యం కొట్టేసి దిద్దానని, కానీ పాతది కనుక ఆఫీసులో ఎవరికీ దానితో పనిలేదన్నారని చెప్పాను. అది చెబుతున్నప్పుడే ఎంత పనికిమాలిన మాటో నాకు తెలుస్తూనే ఉంది.

యాదగిరి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోశాడు. తర్వాత పక్కన కూర్చుని, నేను అస్సలు అనుకోని ప్రశ్న అడిగాడు.

"ఆఖరికి అది ఎంత జరిగింది సార్?"

మూడు రాత్రులు చలిలో నిలబడి పట్టిన వెలుగు. దాని లెక్క ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. నేను వచ్చే ముందు కొలిచాను, తిప్పి కూడా కొలిచాను. భూతద్దం అతని చేతికిచ్చి చూపించాను. ఇదిగో దీపం గీత, ఇది కదలదు. ఈ నల్ల గీత ఇక్కడ ఉండాలి, ఇంత ఎరుపు వైపు జరిగింది. సెకనుకు ఐదు వేల కిలోమీటర్ల పైన. అతను ఊపిరి బిగబట్టి చూశాడు.

"అయితే మనం పట్టినంక ఇరవై రెండేండ్లల్ల ఇంకా దూరం పోయుంటది."

"పోయింది."

"గీ వెలుగు మనకాడికొచ్చేటాళ్ళకు గది ఆడ ఉండనే ఉండదు."

"ఉండదు."

"మంచిగ పట్టినం సార్" అన్నాడు. ఆ ఒక్క మాట అన్నప్పుడు అతని మొహంలో ఆనాటి చీకటి గది పిల్లవాడు కనిపించాడు.

పలక అతని దగ్గరే ఉంచేశాను. లచ్చమ్మ దాన్ని చీర మడతల్లో చుట్టి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టింది. కూతురు సంగారెడ్డిలో ఉందని, మళ్ళీ వస్తే కలిపిస్తానని యాదగిరి చెప్పాడు. అపార్ట్‌మెంటు నాలుగు నెలల్లో అయిపోతుందట. తర్వాత ఎక్కడికి అంటే, రోడ్డు ఎటు పోతే అటు అని చెయ్యి దూరంగా చూపించాడు. అటు చూస్తే పొలాల్లో తెల్ల రాళ్ళు కనుచూపు మేరా ఉన్నాయి.

పొద్దు గూకుతుంటే లేచాను. లచ్చమ్మ గుమ్మం దాకా వచ్చి, "పోయిరా సారూ" అని లోపలికి వెళ్ళిపోయింది. యాదగిరి గేటు దాకా వచ్చాడు. నేను రోడ్డు ఎక్కాను. అతను గేటు స్తంభానికి ఉన్న స్విచ్చి వేశాడు. పైన బల్బు వెలిగింది. దాని పచ్చటి వెలుగు నా కాళ్ళ దాకా పడింది.

అతను గుడిసె వైపు తిరిగి కేకేశాడు.

"బుగ్గ ఏసిన. చూసినవా?"

లోపల నుంచి జవాబు రాలేదు. ఆమె గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను రోడ్డు మీంచి గట్టిగా అన్నాను.

"చూశాను యాదగిరీ. వెలుగుతోంది. నేను చూశాను."

అతను నా వైపు చూసి నవ్వి, చెయ్యెత్తి దండం పెట్టాడు. కానీ అక్కడి నుంచి కదలలేదు. తలెత్తి బల్బును చూస్తూ అలాగే నిలబడ్డాడు. లచ్చమ్మ తడి చేతులతో బయటికి వచ్చి, పైకి చూసి, "చూసిన" అంది. అప్పుడు వెళ్ళి కూర్చున్నాడు.